తాళం ఎక్కడ పెట్టారు?

బీరువా తాళాలు అమ్మ కొంగుకు ఉంటాయి. దుకాణం తాళాలు నాన్న జేబులో ఉంటాయి. మరి దుకాణంలో లెక్కలు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం తాళం ఎక్కడుంది? పెళ్లి శుభలేఖ మీద అక్షరాలు పడేలా చేసే తాళం ఎవరి దగ్గరుంది? అడిగి చూడండి... సగం మంది తెల్లమొహం వేస్తారు. కంప్యూటర్ బాగున్నన్నాళ్లూ దాని ఊసే ఎత్తరు. పాడైన రోజున మాత్రం ఇల్లంతా, కొట్టంతా వెతుకుతారు!

గవర్నర్‌పేట, అరండల్‌పేట, ఏలూరు రోడ్డు... ఈ పేర్లు చెబితే తెలుగునాట పుస్తకాలు చదివేవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది అచ్చు వాసన. పదో తరగతి గైడ్ల దగ్గర్నుంచి శతకాలు, వంటల పుస్తకాలు, పంచాంగాల దాకా బెజవాడలో అచ్చుకానిది లేదు. 1990ల్లో సీసపు అక్షరాల కేసులు మూలపడి, వాటి స్థానంలో డీటీపీ సెంటర్లు వెలిశాయి. అప్పుడే ఒక కొత్త సంగతి తెలిసొచ్చింది. కంప్యూటర్ కొంటే సరిపోదు. అందులో తెలుగు అక్షరాలు ఉండవు. వాటిని వేరే కొనాలి!

పుణెలో తయారైన శ్రీలిపితోపాటు అను... ఇలా నాలుగైదు పేర్లే అందరి నోటా వినిపించేవి. శ్రీలిపి లాంటి ప్యాకేజీ కొంటే సీడీతోపాటు అగ్గిపెట్టెలో సగమంత ముక్క ఒకటి ఇచ్చేవారు. కంపెనీవాళ్లు దాన్ని డాంగిల్ అంటే, మనవాళ్లు ‘లాక్’ అన్నారు. కంప్యూటర్ వెనకాల ప్రింటర్ వైరు పెట్టేచోట, 25 కన్నాలున్న పోర్టుకి దాన్ని తగిలించి, దాని వెనక ప్రింటర్ వైరు పెట్టాలి. ప్రోగ్రాం మధ్యమధ్యలో ‘లాక్ ఉందా’ అని తొంగిచూస్తుంది. ఉంటే అక్షరం వస్తుంది. లేకపోతే రాదు. అంతే!

మరి కొట్లో మూడు కంప్యూటర్లు ఉంటే? మూడు లాకులు కొనాలి. అంత స్తోమత ఎందరికుంటుంది... అందుకే పొద్దున్న టైపు చేసే కంప్యూటర్‌కి, మధ్యాహ్నం ప్రూఫులు దిద్దే కంప్యూటర్‌కి, సాయంత్రం ట్రేసింగ్ తీసే కంప్యూటర్‌కి ఆ ముక్కను మార్చుకుంటూ నడిపేవారు. బల్ల కింద దూరి స్క్రూలు విప్పడం, బిగించడం ఆపరేటర్ల దినచర్యలో భాగమైపోయింది. విప్పీ బిగించీ పిన్నులు వంగేవి. రాత్రి కొట్టు కట్టేటప్పుడు గల్లాపెట్టె డబ్బుతోపాటు లాకునీ ఇంటికి పట్టుకెళ్లే యజమానులు ఉండేవారు. ఎందుకు పట్టుకెళ్లరు? కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. లాకు పోతే ప్యాకేజీ మొత్తం మళ్లీ కొనాల్సిందే!

ఆ తర్వాత కొత్త కంప్యూటర్లలో ప్రింటర్ పోర్టే మాయమైంది. లాకు యూఎస్‌బీ రూపంలోకి మారింది. చివరికి చాలా ప్రోగ్రాములకు ఆ ముక్క కూడా పోయి... ఒక ఫైలు మిగిలింది.

ఫైలంటే ఏముంటుంది అందులో?

దాన్నే లైసెన్సు ఫైలు అంటారు. ఇంజినీరింగ్ డ్రాయింగుల ప్రోగ్రాముల్లాంటి వాటిది అయితే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు కూడా. పెద్ద బ్రహ్మపదార్థం ఏమీ కాదు. ప్రోగ్రాం పేరు, ఎంతమంది వాడొచ్చు, ఏ తేదీ వరకు, ఏ కంప్యూటర్‌లో... ఈ నాలుగు ముక్కలూ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. చివర్లో మాత్రం అర్థంపర్థం లేని అంకెలు, అక్షరాల చాంతాడు ఒకటి కనిపిస్తుంది. అసలు కిటుకు అదే. రిజిస్ట్రారాఫీసు సీలు లాంటిదన్నమాట. ‘5గురు వాడొచ్చు’ అన్నచోట 50 అని దిద్దితే ఆ సీలు పైనున్న రాతతో సరిపోలదు. ఫైలు చెల్లదు.

‘ఏ కంప్యూటర్‌లో’ అన్నది ఎలా తెలుస్తుంది? మనిషికి పుట్టుమచ్చల్లా ప్రతి కంప్యూటర్‌కీ కొన్ని గుర్తులుంటాయి. నెట్‌వర్క్ కార్డుకు 12 అక్షరాల చిరునామా ఉంటుంది. హార్డ్‌డిస్క్‌కీ, మదర్‌బోర్డుకీ నంబర్లు ఉంటాయి. వాటిలో ఒకటో రెండో చూసుకుని ఫైలు ఆ యంత్రాన్ని గుర్తుపడుతుంది. అందుకే ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకెళ్లి పక్క కంప్యూటర్‌లో పెడితే, ‘ఇది మా ఇల్లు కాదు’ అంటుంది. పిడుగుపాటుకు మదర్‌బోర్డు కాలిపోయి కొత్తది వేయించినా అదే మాట! అప్పటిదాకా మన డబ్బుతో కొన్నది కాస్తా, మనల్నే దొంగను చూసినట్టు చూస్తుంది.

కాలేజీ ల్యాబుల్లో ఒకప్పుడు ఇదే పెద్ద తలనొప్పి. ఒక కంప్యూటర్‌లో అన్నీ ఎక్కించి, దాన్నే అచ్చుగుద్దినట్టు మిగతావాటికి ‘గోస్ట్’ కొట్టేవారు. 30 యంత్రాల్లోనూ ఒకే లైసెన్సు ఫైలు చేరేది. ఒక్కదాంట్లో పనిచేసేది, 29 మొండికేసేవి.

టాలీ పెట్టే పేచీ

కృష్ణా డెల్టాలో ఎక్కువమందికి ఈ తాళంతో పరిచయం అయింది మాత్రం టాలీ వల్లే. బెంగళూరు కంపెనీ అది. 1986లో తండ్రి ఎస్.ఎస్. గోయెంకా, కొడుకు భరత్ గోయెంకా కలిసి ప్యూట్రానిక్స్ పేరుతో మొదలుపెట్టారు. 2005 ఏప్రిల్ 1న రాష్ట్రంలో వ్యాట్ అమల్లోకి వచ్చాక వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లు, ఆటోనగర్ స్పేర్‌పార్టుల షాపులు, గుడివాడ, తెనాలి వైపు రైసుమిల్లులు... ఒక్కొక్కటిగా ఎర్ర అట్ట చిట్టా పుస్తకాల నుంచి కంప్యూటర్‌లోకి దిగాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఇక తప్పించుకునే దారే లేకపోయింది.

టాలీలో ఒక్క కంప్యూటర్‌కి సిల్వర్, కొట్లో ఉన్న కంప్యూటర్లన్నిటికీ కలిపి గోల్డ్ తీసుకోవాలి. గోల్డ్ అయితే ఒక కంప్యూటర్ దగ్గర లైసెన్సు ఉంటుంది, మిగతావి నెట్‌వర్క్ ద్వారా దాన్ని అడిగి పనిచేస్తాయి. తాళంచెవి పెద్దకోడలి దగ్గర ఉన్నట్టు! ఆ కంప్యూటర్ స్విచ్చి ఎవరైనా కట్టేశారో... మిగతావాటిలో ప్రోగ్రాం ఆగదు గానీ ‘ఎడ్యుకేషనల్ మోడ్’ అని పైన చూపిస్తుంది. ఇక నెలలో ఏవో రెండు మూడు తేదీలు తప్ప మిగతా రోజుల బిల్లులు రాయనివ్వదు. నేర్చుకునే పిల్లలకు అది చాలు. సంక్రాంతి ముందు కిటకిటలాడే బట్టల కొట్టుకు చాలుతుందా?

కంప్యూటర్ మార్చాలనుకున్నప్పుడు, ఫార్మాట్ కొట్టించేముందు లైసెన్సును ‘సరెండర్’ చేయాలి. సరెండర్ అనగానే మన గవర్నమెంటు ఉద్యోగులకు లీవుల డబ్బు గుర్తొస్తుంది. అది ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదనుకోండి! ఇక్కడ మాత్రం పాత యంత్రం మీదున్న హక్కును కంపెనీకి తిరిగిచ్చేసి, కొత్తదాని మీద మళ్లీ తీసుకోవడం. అయిదు నిమిషాల పని. ఇంటర్నెట్ లేని కంప్యూటర్ అయితే అది ఒక ఫైలు తయారుచేసి ఇస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెట్ ఉన్న మరో కంప్యూటర్ నుంచి పంపితే జవాబు ఫైలు వస్తుంది. దాన్ని మళ్లీ తెచ్చి ఇక్కడ పెట్టాలి. పల్లెల్లో నెట్ సరిగా లేని రోజుల్లో మిల్లు గుమాస్తాలు టౌనుకు వచ్చి చేయించుకెళ్లిన పని ఇదే.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఎక్కడంటే... తాళం పంపే మెయిల్ ఐడీ దగ్గర. ప్రోగ్రాం కొన్న రోజున యజమానికి మెయిల్ ఉండదు. ‘నాది ఇచ్చేయండి సార్’ అంటాడు కంప్యూటర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు. లేదా అకౌంటెంటు. ఆరేళ్ల తర్వాత హార్డ్‌డిస్క్ పోతుంది. ఆ కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడు. అకౌంటెంటు ఎదురు కొట్లో చేరి ఉంటాడు. లైసెన్సు మనది, బిల్లు మనది... తాళంచెవి మాత్రం వాళ్ల ఇన్‌బాక్స్‌కి వెళ్తుంది. స్థలం కొని, రిజిస్ట్రేషన్ మధ్యవర్తి పేరుమీద చేయించుకున్నట్టే కదా! పొలం కాగితాల విషయంలో అంత జాగ్రత్తగా ఉండే డెల్టా రైతు కుటుంబాలు, కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఇంత అమాయకంగా ఎలా ఉంటాయో అర్థం కాదు.

నీళ్లొచ్చిన రోజు

2024 సెప్టెంబరు 1. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో మునిగాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. అంతకుముందెన్నడూ అంత లేదు. రోజుల తరబడి నీళ్లు నిలిచిన ఆ వీధుల్లో ఇళ్లతోపాటు చిన్నచిన్న జెరాక్సు షాపులు, మీసేవ తరహా సెంటర్లు, ట్యూషన్ పాయింట్లు, కిరాణా కొట్లు ఎన్నో ఉన్నాయి. కింది అంతస్తులో బల్ల కింద సీపీయూ... ముందుగా మునిగేది అదే.

అలాంటప్పుడు ‘పాత కంప్యూటర్‌లో సరెండర్ చేసి రండి’ అంటే ఎలా? బురద నిండిన పెట్టె స్విచ్చి వేస్తే వెలుగుతుందా? వేయకూడదు కూడా. తడి హార్డ్‌డిస్క్‌కి కరెంటు ఇస్తే అందులో మిగిలిన సమాచారం కూడా దక్కకపోవచ్చు. ఇలాంటి సమయాల్లో పాత యంత్రం మీద లైసెన్సును కంపెనీవాళ్లే విడిపించగలరు. చాలా కంపెనీలకు ఆ ఏర్పాటు ఉంది. కానీ వాళ్లు అడిగేవి మూడే: సీరియల్ నంబరు, కొన్నప్పుడు ఇచ్చిన మెయిల్, బిల్లు. ఆ మూడూ అదే కంప్యూటర్‌లో దాచుకుంటే... తాళంచెవిని బీరువా లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే!

పాసుపుస్తకాలు, దస్తావేజులు ట్రంకుపెట్టెలో సర్ది అటకెక్కించడం మనకు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ట్రంకుపెట్టెలో ఇంకో కాగితానికి చోటుంటుంది. సీరియల్ నంబర్లు, మెయిల్, ఏ కంప్యూటర్‌లో ఏది వేశారు, గడువు ఎప్పుడు... పాల లెక్క రాసుకునే పుస్తకం లాంటిది చాలు. దాన్ని ఫోటో తీసి ఫోన్లో ఒకటి, ఊళ్లో ఉండని తోబుట్టువుకి ఒకటి పంపితే ఇంకా మేలు. పాస్‌వర్డ్ మాత్రం ఆ ఫోటోలో ఉండకూడదు సుమా!

ఇంకో మాట. లైసెన్సు పోతే డబ్బు పోస్తే వస్తుంది. అందులో రాసుకున్న పదేళ్ల లెక్కలు ఎంత పోసినా రావు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని, ‘మాది ఒరిజినల్ సాఫ్ట్‌వేర్, భయం లేదు’ అంటారు. ఒరిజినల్ అయితే ప్రోగ్రాం తిరిగొస్తుంది. లెక్కల నకలు వేరేచోట ఉంచుకునే బాధ్యత మనదే.

60 కంప్యూటర్లు, 30 తాళాలు

ఇంజినీరింగ్ కాలేజీల్లో కథ వేరు. డ్రాయింగులు వేసే, యంత్రాల బలం లెక్కగట్టే ప్రోగ్రాములు ఖరీదైనవి. ల్యాబులో 60 కంప్యూటర్లుంటే 30 లైసెన్సులు కొంటారు. ఏ కంప్యూటర్‌కీ సొంతంగా ఉండవు. ఒక సర్వర్ దగ్గర అన్నీ ఉంటాయి. పిల్లవాడు ప్రోగ్రాం తెరిస్తే ఒకటి తీసిస్తుంది, మూస్తే వెనక్కి పెట్టుకుంటుంది. అచ్చం లైబ్రరీ పుస్తకాల్లా. ఫ్లోటింగ్ లైసెన్సు అంటే ఇదే. 1988లో వచ్చిన ఫ్లెక్స్ఎల్ఎమ్ అనే ప్రోగ్రాంతో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

ఇందులోనూ తమాషాలున్నాయి. ఒకడు ప్రోగ్రాం తెరిచిపెట్టి క్యాంటీన్‌కి వెళ్తే 31వ వాడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ప్రాక్టికల్స్ రోజు ల్యాబ్ అసిస్టెంటు ‘పని అయినవాళ్లు మూసేయండ్రా’ అని అరిచే అరుపు వెనకున్నది ఆ లెక్కే! సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు మారిస్తే ఒకటి కాదు, 60 కంప్యూటర్లూ ఒక్కసారే ఆగిపోతాయి. అందుకే పెద్ద సంస్థల్లో మూడు సర్వర్లు పెడతారు. రెండు బతికుంటే చాలు, పని నడుస్తుంది.

మరో విచిత్రం... పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. గడువు తప్పించుకోవడానికి మనమే తేదీ తిప్పామనుకుని లైసెన్సు మొరాయిస్తుంది. మెకానిక్కు ప్రోగ్రాం తీసి మళ్లీ వేస్తాడు, విండోస్ మారుస్తాడు, వేలల్లో బిల్లు చెబుతాడు. కావాల్సింది వాచీ షాపులో దొరికే బ్యాటరీ ఒక్కటే! లైసెన్సు పనిచేయకపోతే ముందు మూలనున్న తేదీ, టైము చూడండి.

క్రాక్ వేస్తే పోలా?

ఈ బాధలన్నీ చూసి ‘క్రాక్’ వేయించుకునేవాళ్లున్నారు. కొనకుండా వేయించుకునేవాళ్లు సరే... కొని కూడా, తాళం పెట్టే తిప్పలు పడలేక క్రాక్ వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టినవాడికి లాకులు, ఫైళ్లు, సరెండర్లు. కట్టనివాడికి ఏ బాదరబందీ లేదు. ఇది కంపెనీలు ఆలోచించుకోవాల్సిన విషయమే.

అయినా చట్టం చట్టమే. తెలిసి నకిలీ కాపీని కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద వారం రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకు ఉంది. 2012 సవరణ తర్వాత కాపీ చేసుకునే ఉద్దేశంతో తాళం పగలగొట్టడమూ నేరమే. అదే చట్టంలో మనకు అనుకూలమైన మాట ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. న్యాయంగా కొన్న ప్రోగ్రాం పోతుందేమో, పాడవుతుందేమో అన్న ముందుజాగ్రత్తతో నకలు తీసి దాచుకోవచ్చు. అది తప్పు కాదు.

తాళం ఇచ్చిన కంపెనీయే తలుపు మూసేస్తే? అదీ జరిగింది. ఫొటోషాప్ తయారుచేసే అడోబ్ సంస్థ తన సీఎస్2 ప్రోగ్రాములకు లైసెన్సు సరిచూసే సర్వర్‌ను 2013 నాటికి ఆపేసింది. కొన్నవాళ్లు మళ్లీ వేసుకోవాలంటే దారి లేదు. చివరికి ఆ తనిఖీ అక్కర్లేని ప్రతిని కంపెనీయే ఇవ్వాల్సి వచ్చింది. అదే ఏడాది నుంచి కొత్త ప్రోగ్రాములను అమ్మడం మానేసి, నెలనెలా అద్దె పద్ధతికి మళ్లింది. అద్దె ఇంటికి తాళాలెన్ని వేసుకున్నా ఇల్లు మనది కాదు కదా!

ఇళ్లలో అయితే లాప్‌టాప్‌తోపాటు వచ్చే విండోస్ సాధారణంగా ఆ మదర్‌బోర్డుకే అతుక్కుని ఉంటుంది. పాత లాప్‌టాప్ అమ్మేసి దాని విండోస్‌ను కొత్తదాంట్లో వేసుకుంటామంటే కుదరదు. మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ ప్యాక్ అయితే ఆరుగురి దాకా వాడుకోవచ్చు, అందుకు డబ్బు కట్టేది ఒక్కరే. అది ఇంట్లో ఎవరి మెయిల్ మీద ఉందో ముందు తెలుసుకోండి. అమ్మాయి కాలేజీ మెయిల్ మీద ఉచితంగా వచ్చిన ఆఫీసు చదువు అయిపోయాక ఉండకపోవచ్చు. ప్రాజెక్టు రిపోర్టులు, సర్టిఫికెట్ల స్కానింగులు అక్కడే ఉంచితే అవీ చేజారతాయి.

తాళం లేని అక్షరాలు

మళ్లీ గవర్నర్‌పేట అక్షరాల దగ్గరికి వద్దాం. అవి ఇప్పటికీ తాళం వేసే ఉన్నాయా? కొంత ఉన్నాయి, చాలా వరకు లేవు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఊరికే ఇచ్చారు. 2005లో కేంద్ర ప్రభుత్వం తెలుగు ఫాంట్లతో ఉచిత సీడీ పంచింది. ఆ తర్వాత సిలికానాంధ్ర ద్వారా ఎన్టీఆర్, మండలి, గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన లాంటి పేర్లతో వరుసగా వచ్చాయి. డెల్టావాళ్లకు ఆ పేర్లు పరాయివి కావు! వీటి లైసెన్సు కూడా ఒక ఫైలే... కాకపోతే అందులో రాసింది వేరు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోండి, ఎవరికైనా ఇవ్వండి, పుస్తకం అచ్చేసి అమ్ముకోండి. ఫాంటును మాత్రం విడిగా అమ్మకండి అని. లెక్కపెట్టుకోవాల్సిన పనే లేదు.

మరి పాతికేళ్లుగా పాత పద్ధతిలో టైపు చేసిన వేలాది పుస్తకాల మాటేమిటి? ఆ ఫైళ్లలో నిజానికి ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిషు గుర్తులకు ఫాంటు తెలుగు వేషం వేసింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే వేషం తీసేసినట్టు పిచ్చిగీతలు కనిపిస్తాయి. అంటే తాళం ప్రోగ్రాంకే కాదు, మనం రాసుకున్నదానికీ పడిందన్నమాట. తాతగారు సొంత డబ్బుతో వేయించుకున్న పద్యాల పుస్తకం రెండో ముద్రణకు రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. సీడీ ఉంటుంది. దాన్ని తెరిచే లాకు ఉండదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అందుకే ఇప్పటికీ కొన్ని సెంటర్లలో ఓ మూల పాత కంప్యూటర్ ఒకటి, నెట్ లేకుండా, దుమ్ము దులుపుకుంటూ కనిపిస్తుంది. ఎవరైనా పాత సీడీ పట్టుకొస్తే అది మేలుకుంటుంది.

మీ ఇంట్లో అలాంటి సీడీ ఉంటే దాన్ని డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్లి యూనికోడ్‌లోకి మార్పించుకోవచ్చు. అందుకు ప్రోగ్రాములు ఉన్నాయి. మార్చాక అలాగే అచ్చుకు ఇచ్చేయకండి. వత్తులు, సున్నలు, క్ష, ఋ ఉన్నచోట తేడాలు రావచ్చు. పాత పుస్తకం పక్కన పెట్టుకుని ఇద్దరు కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దుకుంటూ ప్రూఫు చూడాల్సిందే. 100 పేజీలకు రెండు మూడు ఆదివారాలు పడుతుంది.